చాంపియన్‌కి జుట్టు కాదు, కాళ్లు నెరుస్తాయి

తమ్మీ,

నీ బాక్సింగ్ కథ చదివాను. హన్మకొండ స్టేడియం, చేతులకు పట్టీలు చుట్టుకునే పిల్లలు, చెమట వాసన, అన్నీ కుదిరాయి. చాంపియన్ మాత్రం కుదరలేదు. నెరిసిన జుట్టు, అద్దం ముందు నిట్టూర్పు, గోడ మీద పాత ఫొటో... రిటైరైన ఏ గుమాస్తాకైనా ఇవి సరిపోతాయి. బాక్సర్‌కి ముసలితనం ముందు కాళ్లలోకి దిగుతుంది. అవతలివాడు గార్డ్ (మొహానికి అడ్డంపెట్టిన చేతులు) దించడం కంటికి కనిపిస్తుంది, ఇప్పుడే కొట్టాలని తెలుస్తుంది, పిడికిలి చేరేసరికి ఆ సందు మూసుకుపోతుంది. ఒకప్పుడు అదే దెబ్బతో గెలిచినవాడికి అప్పుడు ఎలా ఉంటుందో రాయి.

అసలు అది ఏ బాక్సింగో ముందు తేల్చుకో. నీ హీరోకి 42 ఏళ్లు, రాష్ట్ర చాంపియన్, 12 రౌండ్లు ఆడతాడు, నడుముకు బెల్టు. ఇవన్నీ ఒకచోట ఇమడవు. రాష్ట్ర పోటీలంటే అమెచ్యూర్: మూడేసి నిమిషాల మూడు రౌండ్లు, మధ్యలో నిమిషం విరామం, 40 దాటితే రానివ్వరు. అక్కడ టైటిల్ నిలబెట్టుకోవాలంటే డ్రాలో, అంటే ఎవరితో ఎవరు ఆడాలో తేల్చే జాబితాలో, ఎదురైన ప్రతివాడినీ ఓడించాలి, బౌట్ ఉన్న పొద్దున బరువు తూగాలి. 12 రౌండ్లు, బెల్టు ప్రొఫెషనల్స్‌వి.

రూల్ మారితే కథే మారుతుంది. 1958లో మాంట్రియల్‌లో ప్రొఫెషనల్ చాంపియన్ ఆర్చీ మూర్ మొదటి రౌండులోనే మూడుసార్లు కిందపడ్డాడు. అప్పటికి నలభై దాటాడు. అయినా 11వ రౌండులో ఇవాన్ డ్యురెల్‌ని నాకౌట్ చేసి లైట్ హెవీవెయిట్ టైటిల్ కాపాడుకున్నాడు. తేరుకోవడానికి ఆయనకు రౌండ్లున్నాయి. తొమ్మిది నిమిషాల్లో ఆ వ్యవధి ఎక్కడిది? అందుకే నేనైతే హీరో వయసు 40 లోపుకి దించి మూడు రౌండ్లే తీసుకుంటాను. మీ వాడు నెలాఖరు జీతగాడిలా దమ్ము లెక్క చూసుకుని ఖర్చుపెట్టాలి. క్లించ్‌లో, అంటే దెబ్బ పడకుండా అవతలివాణ్ణి వాటేసుకుని, ఎంతసేపు ఆనుకుంటాడు? రిఫరీ విడదీసేలోపు ఎన్ని ఊపిరులు దొరుకుతాయి? నీ కథ అక్కడుంది, నువ్వేమో దాన్ని ఒక్క వాక్యంలో దాటేశావు.

చాలెంజర్‌ని పొగరుబోతు డబ్బున్నోడిని చేశావు. అట్లా చేస్తే చాంపియన్ గెలుపు చవక అయిపోతుంది. వాడికి ఆట రావాలి, చదివేవాళ్లకు వాడూ నచ్చాలి. 2019 డిసెంబరులో ఢిల్లీలో ఒలింపిక్ క్వాలిఫయర్స్ ట్రయల్‌లో మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ మేరీ కోమ్ చేతిలో 9-1తో ఓడిపోయింది. అదే నిఖత్ 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్. ఢిల్లీలో బౌట్ అయ్యాక మేరీ కోమ్ చెయ్యి కలపలేదు. తప్పా ఒప్పా అని నేను తీర్పు చెప్పను గానీ, గెలిచాక కూడా చల్లారని ఆ కోపం మీద నాకు ఆసక్తి. నీ చాంపియన్ మరీ మంచోడు. వాడికి కొంచెం కోపం ఇవ్వు.

ముగింపులో ఒక్క హుక్‌కి కుర్రాడు పడిపోవడం, జనం ఈలలు... అది తీసెయ్. 1947 డిసెంబరులో జో లూయీ, 33 ఏళ్ల చాంపియన్, జెర్సీ జో వాల్కాట్ చేతిలో రెండుసార్లు కిందపడ్డాడు. (వాల్కాట్ కుర్రాడేం కాదు, లూయీ కంటే కొన్ని నెలలు పెద్దే.) 15 రౌండ్లయ్యాక, ఓడిపోయాననుకుని ఫలితం చెప్పకముందే రింగు దిగబోయాడు. స్ప్లిట్ డెసిషన్‌లో, అంటే తీర్పరులు ఏకాభిప్రాయం లేకుండా మెజారిటీతో తేల్చిన తీర్పులో, టైటిల్ లూయీకే దక్కింది. జనం గేలి చేశారు. తనకే నమ్మకం లేని గెలుపుకి రిఫరీ చెయ్యి ఎత్తితే మీ వాడు ఆ చెయ్యి ఎత్తనిస్తాడా, గుంజుకుంటాడా?

సంభాషణల్లో మీ జగిత్యాల మాట అట్లాగే ఉంచు, కోచ్ మాత్రం సగం హిందీలో తిట్టాలి. కథంతా తిరగరాయకు, మూడో రౌండు పేజీలు ముందు పంపు.

నీ అన్న,
హన్మకొండ