ఎస్పెరాంతోలో (వేర్వేరు దేశాలవాళ్లు మాట్లాడుకోవడానికి తయారుచేసిన కృత్రిమ భాష) భూకంపానికి టెర్ట్రేమో అనాలా, సిస్మో అనాలా?

మామూలుగా మాట్లాడేటప్పుడు, వార్తలు రాసేటప్పుడు టెర్ట్రేమో వాడండి, సిస్మో కూడా తప్పేం కాదు గానీ అది కాస్త సైన్స్ వాసన ఉన్న మాట. ఎందుకంటే ఎస్పెరాంతోలో తెలిసిన చిన్న ముక్కలు అతికించి కొత్త మాట చేసుకోవడమే పద్ధతి, టేరో అంటే భూమి, ట్రేమి అంటే వణకడం, రెండూ కలిస్తే టెర్ట్రేమో, అచ్చం మన భూ+కంపం లాగే, అందుకే మొన్న నేర్చుకోవడం మొదలెట్టినవాడికి కూడా డిక్షనరీ చూడకుండానే అర్థమైపోతుంది. సిస్మో గ్రీకు నుంచి వచ్చిన మాట, దాన్ని విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే.

ఉదాహరణకి "నిన్న పెద్ద భూకంపం వచ్చింది" అనాలంటే "హియేరౌ ఒకాజిస్ గ్రాండా టెర్ట్రేమో". అదే భూకంప తరంగాలు అయితే "సిస్మాయ్ ఒండోయ్", కొలిచే మెషీన్ అయితే సిస్మోగ్రాఫో, ఇక్కడ మాత్రం టెర్ట్రేమోని ఇరికించకండి.

చిన్న కుదుపుకి సిస్మో, పెద్దదానికి టెర్ట్రేమో అనుకోకండి, అలాంటిదేం లేదు, తేడా సందర్భంలోనే గానీ తీవ్రతలో కాదు. ఇంకోటి, సిస్మో చివర్న, సిద్ధాంతాల పేర్లకి తగిలించే "ఇస్మో" కనిపిస్తోంది కదా అని అదేదో సిద్ధాంతం పేరు అనుకోకండి, అక్కడ ధాతువే సిస్మ్.