ఇంజనీరింగ్ చదివే అమ్మాయికి ఈ కాస్‌ప్లే ఏంటి?

ప్రశ్న: మాది కావలి. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. మా ఆయన రొయ్యల మేత షాపులో లెక్కలు రాస్తారు. మా పాప నెల్లూరులో బీటెక్ మూడో సంవత్సరం, రోజూ రైల్లో వెళ్లి వస్తుంది. చిన్నప్పటి నుంచీ నలుగురిలోకి రాని పిల్ల. ఏడాదిగా కాస్‌ప్లే అంటూ జపాన్ కార్టూన్లలో వాళ్లలాగా వేషాలు వేస్తోంది. జాకెట్ కటింగ్ నేర్చుకోమంటే పారిపోయేది, ఇప్పుడు రాత్రి ఒంటిగంట దాకా నా మిషను దగ్గరే ఉంటోంది. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటకు ఒక్కతే పోయి ఏవో ఫోమ్ షీట్లు, గమ్ము బేరమాడి తెచ్చుకుంటోంది. ల్యాబ్ రికార్డులకని మూడు వేలు తీసుకుని విగ్గు కొన్నదని ఈమధ్యే తెలిసింది. ఇన్‌స్టాగ్రామ్‌లో ఫోటో చూసి మా ఆడబిడ్డ ‘పెళ్లి కావాల్సిన పిల్లకు ఈ పగటివేషాలేంది వదినా’ అంది. అప్పటి నుంచి మా ఆయన పాపతో మాట్లాడటం లేదు. ఇప్పుడేమో హైదరాబాద్‌లో కామిక్ కాన్ అని, ఇలా వేషాలు వేసేవాళ్లూ కామిక్స్ అభిమానులూ కలిసే మేళాకు పోతానంటోంది. ఇది మానసిక సమస్యా? మాన్పించేదెట్లా?

జవాబు: అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి చూస్తే ఇందులో మానసిక సమస్య లక్షణాలేవీ నాకు కనిపించలేదు. పాప తిండీ నిద్రా పూర్తిగా మానేసినా, కాలేజీకి వెళ్లనన్నా, వేషంలో తప్ప మామూలుగా ఎవరికీ కనిపించలేనని బాధపడినా అప్పుడు సైకాలజిస్టుకు చూపించాలి. అవేవీ లేవు కాబట్టి ఆ టెన్షన్ పక్కన పెట్టండి.

మూడు వేల సంగతి మాత్రం వదలొద్దు. అబద్ధం చెప్పి డబ్బు తీసుకోవడం తప్పే. అయితే దాన్ని కాస్‌ప్లేతో ముడిపెట్టి రెంటినీ కలిపి తిడితే, తన ఇష్టం మీద కోపంతోనే అంటున్నారనుకుంటుంది, అసలు తప్పు మరుగున పడిపోతుంది. ‘నువ్వు విగ్గు కొన్నందుకు నాకు కోపం లేదు, అడగకుండా అబద్ధమాడినందుకు బాధగా ఉంది’ అని ఇద్దరే ఉన్నప్పుడు చెప్పండి. ఆ డబ్బు తనే తీర్చాలి. మీ దగ్గరికి ఫాల్ కుట్టమని చీరలు వస్తాయి కదా, వాటిని కుట్టి తీర్చమనండి. ఇంత ఖచ్చితంగా ఉంటే మళ్లీ చెప్పాల్సిన పని ఉండదు.

ఇక అసలు విషయం. నలుగురిలోకి రాని పిల్ల అని రాశారు. రెండు వాక్యాల తర్వాత అదే పిల్ల ఒక్కతే స్టోన్‌హౌస్‌పేట వెళ్లి బేరమాడుతోందని మీరే రాశారు. ఆ రెండు మాటల మధ్య ఏం జరిగిందో నాకు చాలా ముఖ్యమనిపించింది. కొత్త షాపులోకి వెళ్లి, తనకేం కావాలో తెలియని షాపతనికి ‘ఇంత మందం షీటు కావాలి, వంచితే విరగకూడదు’ అని అర్థమయ్యేలా చెప్పడం బిడియస్తులకు చిన్న విషయం కాదు. నలుగురితో మాట్లాడమని మనం ఎంత పోరినా రాని ధైర్యం, చేతిలో పని ఉన్నప్పుడు వస్తుంది. మాట్లాడాలనే ఆలోచన పోయి, పని జరగాలనే ఆలోచన ముందుకొస్తుంది కాబట్టి.

ఒక రోజు తన పక్కన కూర్చుని చూడండి. భుజం మీద వచ్చే కవచం చేయాలంటే ముందు పాత న్యూస్‌పేపరు మీద గీసి, కత్తిరించి, ఒంటికి పెట్టి చూసుకోవాలి. తర్వాత ఫోమ్ మీదికి ఎక్కించాలి. బల్లపరుపుగా ఉన్న షీటును గుండ్రంగా తేవాలంటే ఎక్కడో ఒకచోట చీల్చి దగ్గరికి లాగాలి. జాకెట్‌కు మీరు వేసే డాట్లలో ఉన్నది సరిగ్గా ఆ లెక్కే. గమ్ము రెండు వైపులా రాసి, వేలికి అంటుకోనంతగా ఆరనిచ్చి అప్పుడు అతికించాలి. తొందరపడి ముందే పెడితే ఊడుతుంది, వంకరగా పెడితే తీయడం కుదరదు, ముక్క పాడవుతుంది. మళ్లీ మొదటి నుంచి చేయాలి. అలా మళ్లీ మొదలుపెట్టే ఓపికను పరీక్ష పేపర్లు నేర్పవు. మొదలుపెట్టిన వస్తువును పూర్తి చేయడం, డబ్బు అయిపోయేలోపు ఏది ముందు కొనాలో తేల్చుకోవడం, ఫలానా తేదీకి సిద్ధంగా ఉండటం... రేపు ఉద్యోగంలో అడిగేవి ఇవే. అయినా ఒక్క మాట: ‘దీనివల్ల నీకేం ఉపయోగం’ అని తనను రోజూ అడక్కండి. ఉపయోగం కోసమే చేయాల్సి వస్తే ఆ ఇష్టం పోతుంది, దానితోపాటు ఈ ఓపికా పోతుంది.

కటింగ్ నేర్చుకోమంటే పారిపోయిందని మీకు మనసులో ఉంది. అప్పుడు అది మీ వృత్తి, ఇప్పుడు తన పని. చంక రౌండ్ ఎక్కడ పట్టేస్తోందో, లైనింగ్ ఎందుకు ముడతపడుతోందో పాపకు తెలియదు, మీకు తెలుసు. పిలవకముందే వెళ్లి సరిచేయకండి, అడిగినప్పుడు చెప్పండి. తప్పకుండా అడుగుతుంది. రెండు జాగ్రత్తలు మాత్రం మీరే పెట్టండి: గమ్ము వాసన ఘాటుగా ఉంటుంది, మూసిన గదిలో వాడకూడదు, డాబా మీద చేయమనండి. ఫోమ్ అరగదీసేటప్పుడు మాస్క్ ఉండాలి. రాత్రి పదకొండు తర్వాత మిషను ఆపేయాలి, సెమిస్టర్ పరీక్షల నెలలో అసలు ముట్టుకోకూడదు. సబ్జెక్టులు మిగిలితే అవి పాసయ్యేదాకా కొత్త వేషం ఉండదని ముందే ఒప్పించుకోండి.

మీ ఆడబిడ్డ పగటివేషాలని ఎగతాళి చేశారు. ఆ పగటివేషాల్లోనే అర్ధనారీశ్వర వేషం కట్టే కళాకారుడు ఒకే ఒంటి మీద సగం మగవాడుగా, సగం ఆడమనిషిగా అలంకరించుకుని, ఒక పక్క గుడ్డతో కప్పుకుంటూ రెండు గొంతులతో మాట్లాడేవాడు. ఎంత సాధన ఉంటే అది వస్తుంది! కాస్‌ప్లే అనే మాట 1980లలో జపాన్‌లో పుట్టింది గానీ, వేషం కట్టి మెప్పించడం మనకు కొత్తా కాదు, తక్కువా కాదు. ఇప్పుడు జపాన్‌లోని నగోయాలో 2003 నుంచి ప్రపంచ స్థాయి కాస్‌ప్లే సమ్మిట్ జరుగుతోంది. చాలా పోటీల్లో వేషాన్ని చేతుల్తో ఎంత బాగా చేశారన్నదానికే మార్కులుంటాయి.

ఫోటోల భయం మాత్రం న్యాయమైనదే. అకౌంట్ తెలిసినవాళ్లకే కనిపించేలా పెట్టుకోవాలని, ఊరు, కాలేజీ పేర్లు రాయకూడదని చెప్పండి. వేషంలో ఉన్నంత మాత్రాన ఎవరూ అడక్కుండా ఫోటో తీయకూడదు, ముట్టుకోకూడదు. 2014లో న్యూయార్క్ కామిక్ కాన్‌లో ఇదే మాట బోర్డుల మీద రాసి పెట్టారు. ‘వద్దండీ’ అని గట్టిగా చెప్పడం పాపకు వచ్చా అని కనుక్కోండి. రాకపోతే ఇంట్లోనే మీతో అనిపించండి. రైల్లో రోజూ తిరిగే ఆడపిల్లకు అది అన్నిచోట్లా కావాల్సిన మాట.

మీ ఆయన కోపం వెనకాల పరువు భయం ఉంది. ఆయనకు ఉపన్యాసం వద్దు. లెక్కలు రాసే మనిషి కదా, పాప ఖర్చుల పుస్తకం ఆయన చేతికి ఇప్పించండి. నెలకు ఇంత అని ఆయనే ఒక మొత్తం చెప్పాలి, పాప ప్రతి రూపాయీ రాసి చూపించాలి. తిట్టడానికైనా సరే, ఆ వంకతో నోరు విప్పుతారు. ఇంట్లో ఆయన మౌనం కంటే పాపకు పెద్ద శిక్ష లేదని కూడా నెమ్మదిగా చెప్పండి.

కామిక్ కాన్‌కు పంపించండి, కానీ ఒంటరిగా వద్దు. 2013 నుంచి హైదరాబాద్‌లో జరుగుతున్న కార్యక్రమం అది, కుటుంబాలూ వస్తాయి. పరీక్షలు అడ్డు రాకపోతే సింహపురి ఎక్స్‌ప్రెస్‌కు రెండు టికెట్లు చేయించండి, రెండోది మీకు. వేషం ఇంటి నుంచి వేసుకుని వెళ్లొద్దు, అక్కడికి చేరాక మార్చుకోమనండి. మీ సంచిలో సూదీ దారం, పిన్నీసులు, కాస్త గమ్ము పెట్టుకోండి. ప్రయాణంలో ఏదో ఒకటి ఊడుతుంది. కుట్టేది మీరే కావాలి.