సంగటికి మారినా పొట్ట తగ్గలేదేం?

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. అనంతపురంలో బట్టల దుకాణం ఉంది. ఎత్తు 168 సెంటీమీటర్లు, బరువు 86 కిలోలు, నడుము 40 అంగుళాలు. నెలలో పది కిలోలు తగ్గాలని అన్నం మానేసి, రెండు పూటలా రాగి సంగటి, ఊరుబిండి (శెనక్కాయల పచ్చడి) తింటున్నా. పొద్దున టిఫిన్ ఉగ్గాని (బొరుగుల ఉప్మా), బజ్జీ. రోజూ గ్రౌండులో పరుగెత్తుతున్నా. మూడు వారాలైనా కిలో తగ్గలేదు, మోకాళ్లు మాత్రం పట్టేశాయి. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ నెల గడువు మరిచిపోండి. కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు పడాలి. నెలకు పది కిలోలంటే రోజుకు 2,500 పైనే. కూర్చుని చేసే పనిలో మీ ఒంటికి రోజంతా అయ్యే ఖర్చే అంత ఉండదు. నెలకు రెండు కిలోలు తగ్గితే చాలు. మూణ్నెల్లలో ఆరు కిలోలు దిగినా బీపీ, షుగర్ ముప్పు బాగా తగ్గుతుంది.

సంగటి మంచిదే. పీచు, కాల్షియం బియ్యంలో కంటే చాలా ఎక్కువ. కానీ 100 గ్రాముల బియ్యంలో 350 కేలరీలుంటే రాగుల్లో 320 దాకా ఉంటాయి. పైగా సంగట్లో బియ్యమూ పడుతుంది కదా. రెండు ముద్దలు లాగిస్తే అన్నం మానిన ఫలితం ఎక్కడుంటుంది? ఒక్క ముద్ద చాలు. పక్కన గిన్నెడు ఆకుకూర పప్పు గానీ, నూనె తేలని కోడికూర గానీ పెట్టుకోండి. ఊరుబిండి చెంచాడుతో ఆపండి. మన జిల్లాలో శెనక్కాయలు లేని ఇల్లుండదు, నాకూ ఇష్టమే. కానీ గుప్పెడు గింజల్లో 170 కేలరీలుంటాయి. అరగంట చురుగ్గా నడిస్తే దాదాపు అంతే ఖర్చవుతుంది. ఉగ్గాని ఓ ప్లేటు తినండి, బజ్జీ వదిలేసి రెండు ఉడికించిన గుడ్లు చేర్చండి. రాత్రి దుకాణం మూశాక ఆలస్యంగా తినే అలవాటుంటే ఎనిమిదికల్లా క్యారియర్ తెప్పించుకోండి.

పరుగు ఇప్పుడే వద్దు. 86 కిలోల భారం మోకాళ్ల మీద పడుతోంది. నొప్పి తగ్గాక నడవండి. మొదటి వారం 15 నిమిషాలు, తర్వాత పెంచుకుంటూ రోజుకు అరగంట, వారానికి ఐదు రోజులు. మాట్లాడగలగాలి, పాట పాడలేకపోవాలి, అంత వేగం చాలు. మన ఎండలకు ఏడు గంటల్లోపే ముగించండి. వారానికి రెండు రోజులు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి తోయడం చేయండి. బరువు తగ్గేటప్పుడు కండ కరిగిపోకుండా ఇవి కాపాడతాయి. పొట్ట వ్యాయామాలతో పొట్ట కొవ్వొక్కటే కరగదు.

రోజూ తూకం ఎక్కొద్దు. వారానికోసారి, పరగడుపున చూసుకోండి. నెలకోసారి నడుము టేపుతో కొలవండి. మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు, మీకిప్పుడు 102 దాకా ఉంది. అందుకే ఈ వారమే బీపీ, పరగడుపు షుగర్, కొలెస్ట్రాల్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. మోకాలు వాచినా ఎముకల డాక్టరుకు చూపించండి. నడుస్తుంటే ఛాతీ బరువెక్కినా, ఆయాసం విపరీతంగా వచ్చినా అక్కడే ఆగి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.