హిరోషిమా దినం సభ పెట్టాలనుకుంటే: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఆగస్టు దగ్గరపడుతుంటే బెంగళూరు తెలుగువాళ్ల నుంచి ఈ విషయం మీద ఉత్తరాలు ఎక్కువయ్యాయి. అపార్ట్‌మెంటు సంఘాలు, బడి టీచర్లు, కాలేజీ పిల్లలు అడిగినవాటిలో ఒకే తీరుగా ఉన్నవాటిని కలిపి జవాబులిస్తున్నాం.

మా అపార్ట్‌మెంటులో ఆగస్టు 6న ఉదయం సభ పెడదామంటే ఒకరు 8:15 అంటారు, ఒకరు తెల్లవారుజామున అంటారు. ఏది సరి? పోలీసు అనుమతి కావాలా?
– సంఘం కార్యదర్శి, వైట్‌ఫీల్డ్

రెండూ సరే. హిరోషిమా మీద బాంబు పేలింది 1945 ఆగస్టు 6న, అక్కడి గడియారంలో ఉదయం 8:15కి. జపాను మనకంటే మూడున్నర గంటలు ముందుంటుంది కాబట్టి మనకది 4:45. నాగసాకిది ఆగస్టు 9న 11:02, అంటే మనకు 7:32. హిరోషిమా శాంతి ఉద్యానంలో సభ 8 గంటలకు మొదలవుతుంది. దాన్ని ఆన్‌లైన్లో ప్రత్యక్షంగా చూడాలనుకునేవాళ్లు మన 4:30కల్లా కూర్చోవాలి. పిల్లలు, పెద్దవాళ్లు రావాలంటే మన గడియారంలో 8:15కే పెట్టుకోండి, తప్పేమీ లేదు. అయితే "సరిగ్గా ఇదే క్షణంలో" అని మాత్రం మైకులో అనకండి. ఎదుట కూర్చున్న ఎనిమిదో తరగతి పిల్ల లెక్క కట్టేస్తుంది.

తెల్లవారుజామునే అనుకుంటే మైకు మానుకోవాలి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకరు వాడకూడదని 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు చెబుతున్నాయి. పగటిపూట కూడా లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి ఉండాలి, నివాస ప్రాంతంలో హద్దు 55 డెసిబెల్స్. యాభై అరవై మంది సభకు అసలు మైకెందుకు? ఒక గంట చాలు. హిరోషిమాలోనూ 8:15కి గంట మోగించి నిమిషం మౌనం పాటిస్తారు. సైరను మోగిద్దామనే ఆలోచన ప్రతి సంఘంలోనూ ఎవరో ఒకరికి వస్తుంది. పైఅంతస్తుల వాళ్లు నిప్పు అంటుకుందనుకుని మెట్ల మీదికి పరుగెడతారు. వద్దు.

ఆవరణ లోపల జరిపే సభకు మీ సంఘం రాతపూర్వక అంగీకారం తీసుకుని, స్థానిక పోలీసు స్టేషన్లో వారం ముందు ఒక ఉత్తరం ఇచ్చి రసీదు ఉంచుకోండి. ప్లకార్డులతో రోడ్డెక్కితే సంగతి వేరు. 2021 నాటి ఉత్తర్వు బెంగళూరులో నిరసనలను, ఊరేగింపులను ఫ్రీడమ్ పార్కుకే పరిమితం చేసింది. మీది నివాళే కావచ్చు, వీధిలో నడిస్తే ఊరేగింపు కిందే లెక్క.

తేదీ కచ్చితంగా 6 అయి తీరాలనేమీ లేదు. శ్రావణ శుక్రవారమో, పంద్రాగస్టు రిహార్సలో అడ్డొస్తే 6కీ 9కీ దగ్గరపడిన ఆదివారం పెట్టుకోండి.

హిరోషిమాలో నది మీద కాగితపు దీపాలు వదులుతారు కదా. మేము అలసూరు చెరువులో వదలొచ్చా? దీపాలు ఎలా చేయాలి?
– కాలేజీ విద్యార్థులు, ఇందిరానగర్

చెరువులో వద్దు. నగరపాలక అనుమతి సంగతి అటుంచి, వదిలిన దీపాలను తిరిగి ఏరడం మీవల్ల కాదు. హిరోషిమాలో ఆగస్టు 6 సాయంత్రం మొతోయాసు నదిలో వదిలిన దీపాలను తర్వాత పోగుచేస్తారు. మీరు పిల్లలు ఆడుకునే గాలి కొలను తెచ్చి, ఒక జాన మించకుండా నీళ్లు నింపండి. ఆ కాస్త నీళ్లయినా చిన్నపిల్లలకు ప్రమాదమే కాబట్టి ఒక పెద్దమనిషి పక్కనే నిలబడాలి. సభ కాగానే నీళ్లు మొక్కలకు పోసేయండి. వర్షాకాలంలో బెంగళూరులో నీళ్లు నిలవపెడితే దోమలు, డెంగీ.

ఇక తయారీ. తేలే అడుగుకు థర్మోకోలు వాడకండి. అలంకరణకు వాడే థర్మోకోలు 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. కార్తీకంలో దీపాలు వదిలే ఇళ్లలో ఎవరికీ చెప్పక్కర్లేని వస్తువు అరటి బోదె. కనీసం 18 సెంటీమీటర్ల అడ్డుకొలత ఉన్న బోదెను 5 సెంటీమీటర్ల మందాన బిళ్లలుగా కోయండి. అదే రోజు ఉదయం కోయాలి, ముందురోజు కోస్తే నల్లబడి జారుడుగా తయారవుతుంది. అరటి జిగురు బట్టలకు అంటితే మరక పోదు, ఆ పని పాతబట్టల్లో చేయండి.

కాగితం ఏ3 సైజు ట్రేసింగ్ పేపరు. షీటును పొడవుగా రెండు పట్టీలు చేస్తే ఒక్కొక్కటి 42 సెంటీమీటర్ల పొడవు, దాదాపు 15 ఎత్తు వస్తుంది. 10 సెంటీమీటర్లకొక మడత పెడితే నాలుగు గోడలు, అతికించడానికి 2 సెంటీమీటర్లు మిగులు. ఒక షీటుకు రెండు దీపాలు. 20 సెంటీమీటర్ల వెదురు పుల్లలు నాలుగు, 10 సెంటీమీటర్ల చదరం మూలల్లో, బోదెలోకి 4 సెంటీమీటర్లు దిగేలా గుచ్చి, కాగితపు గూడును వాటి మీదుగా తొడగండి. కాగితం అడుగు బోదెను తాకకూడదు, ఒక సెంటీమీటరు ఎడం ఉండాలి. తాకిందంటే తేమ పైకి పాకి పావుగంటలో గోడ మెత్తబడి కూలుతుంది. గూడును ఇంతకంటే ఎత్తు పెంచకండి. అడుగు వెడల్పు అదే ఉండగా ఎత్తు పెరిగితే చిన్న గాలికే ఒరిగిపోతుంది. అన్నీ కోసేముందు ఒకటి పూర్తిగా చేసి బకెట్లో తేల్చి చూడండి.

కాగితం మీద మాటలు, బొమ్మలు మైనపు రంగులతో వేయించండి. స్కెచ్ పెన్ను సిరా నాలుగు చినుకులకే కారిపోతుంది.

లోపల పెట్టేది బ్యాటరీ దీపమే. ఈ కొలతల్లో మంటకూ కాగితానికీ మధ్య 5 సెంటీమీటర్లు కూడా ఉండదు, కొవ్వొత్తి పెడితే గాలి విసిరిన మొదటిసారే అంటుకుంటుంది. నూనె దీపం కావాలనుకుంటే కాగితం లేకుండా, మట్టి ప్రమిదలో, నేల మీద పెట్టండి. కాగితమైతే మంట లేదు, మంటయితే కాగితం లేదు. బ్యాటరీ దీపాల్లో ఉండేవి బిళ్ల బ్యాటరీలు. పసిపిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. అడుగు మూతకు మరలు ఉన్నవే కొనండి. దీపాలు ఎన్ని ఇచ్చారో అన్నీ లెక్కపెట్టి తిరిగి తీసుకోండి.

బడిలో వెయ్యి కాగితపు కొంగలు చేయించాలని ఉంది. ఎంత కాగితం, ఎంత సమయం పడుతుంది? సదాకో 644 చేసి చనిపోయిందనే కథ నిజమేనా?
– ఉపాధ్యాయిని, కె.ఆర్.పురం

కథ సగమే నిజం. సదాకో ససాకి రెండేళ్ల వయసులో హిరోషిమా బాంబు బారిన పడింది. తర్వాత ల్యుకేమియా (రక్తక్యాన్సరు) వచ్చి 1955 అక్టోబరు 25న, పన్నెండేళ్లకు చనిపోయింది. ఆమె 644 దగ్గర ఆగిపోయిందన్నది పిల్లల పుస్తకం ద్వారా పాకిన కల్పన. వెయ్యి దాటించిందనే ఆమె అన్నయ్యా, హిరోషిమా మ్యూజియమూ చెబుతున్నాయి. వెయ్యి కొంగలు చేస్తే కోరిక తీరుతుందని జపానులో నమ్మకం, కానీ వెయ్యి పూర్తిచేసినా ఆమె బతకలేదు. పిల్లలకు చెప్పాల్సిందీ అదే, కష్టమైనా సరే. ఆమె తోటి విద్యార్థులు మొదలుపెట్టిన చందాలతో కట్టిన బాలల శాంతి స్మారకాన్ని 1958 మే 5న ఆవిష్కరించారు.

కాగితం లెక్క. మామూలుగా వాడే కొలత 7.5 సెంటీమీటర్ల చదరం. కానీ ఏ4 కాగితంలో అవి ఆరే వస్తాయి, 167 షీట్లు కావాలి. 7 సెంటీమీటర్లకు తగ్గిస్తే షీటుకు పన్నెండు, 84 షీట్లతో సరిపోతుంది. పాడయ్యేవి కలుపుకుని వంద తీసుకోండి. 80 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో కాగితం బరువు) జిరాక్సు కాగితం ఈ చిన్న కొలతకు మందం, మెడ మడత దగ్గర చిరుగుతుంది. 60–70 జీఎస్ఎం రంగు కాగితం అడగండి. అవెన్యూ రోడ్డు కాగితాల దుకాణాల దగ్గర కోత యంత్రం మీద కోయించండి. కత్తెరతో పిల్లలు కోస్తే చదరం ఒక మిల్లీమీటరు తేడా వస్తుంది, ఆ తేడా చివరి మడతకు వచ్చేసరికి రెక్క వంకరై కనిపిస్తుంది.

చేయి తిరిగినవాళ్లకు కొంగకు మూడు నిమిషాలు, కొత్తవాళ్లకు పది. సగటు నాలుగనుకుంటే వెయ్యికి దాదాపు 67 గంటల పని, ఇరవై మందికి తలా మూడున్నర గంటలు. ఒక్క పూటలో కానివ్వకండి. విసుగొస్తే మడతలు వదులవుతాయి. మొదటిరోజు 15 సెంటీమీటర్ల పెద్ద కాగితంతో నేర్పి, తర్వాత రోజుకు అరగంట చొప్పున వారం చేయించండి.

గుచ్చడం 25 దండలుగా, దండకు 40. కొంగ పొట్ట కింద చిన్న కన్నం ఉంటుంది, సూది అక్కడ దూర్చి వీపు మధ్యలో తీయాలి. దండ అడుగున గుండీ కట్టకపోతే మొత్తం జారిపోతుంది. దారం మీటరుంబావు ఉంచుకోండి. పూలమాలకు వాడే సన్నదారం ఈ బరువుకు తెగుతుంది, గోనెసంచి కుట్టే దారమైతే నిలుస్తుంది.

ప్రదర్శనకు ఫోటోలు ఇంటర్నెట్టు నుంచి తీసుకుంటే సరిపోతుందా? మరణాల సంఖ్య ఒక్కోచోట ఒక్కోలా ఉంది.
– గ్రంథాలయ నిర్వాహకుడు, జయనగర్

ఎక్కువ సభలు తప్పులో కాలేసేది ఇక్కడే. "హిరోషిమా" అని రాసి పెట్టే పుట్టగొడుగు మేఘం చాలాసార్లు నాగసాకిది. కొన్నిసార్లు అది యుద్ధమయ్యాక బికినీ దీవుల్లో జరిపిన పరీక్షది. చుట్టూ సముద్రం, ఓడలు కనిపిస్తే బికినీదే అనుకోండి. హిరోషిమాలో ఆ రోజు నేల మీద యోషితో మత్సుషిగె తీసినవి ఐదే ఫోటోలు. నాగసాకిలో మర్నాడు, ఆగస్టు 10న, యొసుకె యమహత తీశాడు. తీసినవాళ్ల పేరు, తేదీ తేలని ఫోటో పెట్టకండి. వాడుకోవడానికి హక్కుదారు అనుమతి రాసి అడగండి, నెలైనా గడువివ్వండి.

సంఖ్యల తేడాకు కారణం గడువు. ఆ రోజే ఎందరు పోయారో కచ్చితంగా లెక్కించలేదు. సాధారణంగా ఇచ్చేది 1945 చివరికి మరణించినవారి అంచనా: హిరోషిమాలో సుమారు 1,40,000, నాగసాకిలో సుమారు 74,000. "సుమారు", "1945 చివరికి" అనే రెండు మాటలూ బోర్డు మీద ఉండి తీరాలి. వీరంతా జపనీయులే అనీ రాయకండి. పనులకు తరలించినవాళ్లతో సహా కొరియన్లు వేలల్లో ఉన్నారు, హిరోషిమాలో 12 మంది అమెరికన్ యుద్ధఖైదీలూ పోయారు.

బోర్డులు ఫ్లెక్సు కాకుండా గుడ్డ మీద అచ్చువేయించండి. వంద మైక్రాన్లలోపు పీవీసీ బ్యానర్లూ 2022 నిషేధంలోనే ఉన్నాయి. పదేళ్లలోపు పిల్లలు వచ్చేచోట కాలిన శరీరాల ఫోటోలు లోపలి గదిలో, ముందే హెచ్చరిక రాసి పెట్టండి. హిరోషిమా మ్యూజియంలో ఉన్న మూడు చక్రాల సైకిలు, 8:15 దగ్గర ఆగిన గడియారం ఫోటోలు చాలు, పిల్లలే ప్రశ్నలు అడుగుతారు. మొహానికి ఎర్రరంగు పూసుకుని వేసే నాటికలు మాత్రం మాకు బొత్తిగా నచ్చవు. బతికి బయటపడినవాళ్ల (హిబాకుషల) మాటలు చదివించండి. హిబాకుషల సగటు వయసు ఇప్పుడు 86 దాటింది. వీడియో కాల్లో పిలవడం కంటే వాళ్లు ముందే రికార్డు చేసి ఇచ్చిన సాక్ష్యాలను తెలుగు అనువాదంతో వినిపించడం మేలు.

నివాళికి ఏ పూలు పెట్టాలని కొందరు అడిగారు. హిరోషిమా నగర పుష్పం గన్నేరు. బాంబు తర్వాత కాలిన నేలలో ముందుగా పూసిందని 1973లో ఎంచుకున్నారు. మన వీధుల్లో కావలసినంత ఉంది. మొక్కంతా విషం కాబట్టి పెద్దవాళ్లే కోసి, పాలు అంటిన చేతులు కడుక్కోవాలి. ఆ పూలను ప్రసాదం పళ్లెం దగ్గరికి రానివ్వొద్దు.

మన దేశానికే అణుబాంబులుండగా మనం నిరాయుధీకరణ అంటే నవ్వరా?
– పాఠకుడు, మారతహళ్లి

ఈ ప్రశ్న సభలో తప్పక వస్తుంది, దాటవేయకండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి. 1954 ఏప్రిల్ 2న అణుపరీక్షలు ఆపాలని ప్రపంచంలో ముందుగా అడిగినవారిలో నెహ్రూ ఒకరు. అంతకు నెల ముందు అమెరికా బికినీలో చేసిన పరీక్ష బూడిద జపాను చేపలపడవ మీద పడింది, అందులోని రేడియో ఆపరేటరు ఆ సెప్టెంబరులో చనిపోయాడు. 1974లో పోఖ్రాన్‌లో మొదటి పరీక్ష, 1998 మే 11, 13 తేదీల్లో మళ్లీ పరీక్షలు. మధ్యలో 1988 జూన్‌లో రాజీవ్ గాంధీ 2010కల్లా అణ్వాయుధాలన్నీ పోవాలనే ప్రణాళిక ఐక్యరాజ్యసమితి ముందు పెట్టారు. ముందుగా ప్రయోగించం అనేది మన ప్రకటిత విధానం. 2017 జులై 7న 122 దేశాల ఓటుతో వచ్చి, 2021 జనవరి 22 నుంచి అమలవుతున్న అణ్వాయుధ నిషేధ ఒప్పందంలో మనం లేము. అణ్వాయుధాలున్న తొమ్మిది దేశాల్లో ఏదీ లేదు. ప్రపంచంలో ఉన్న సుమారు 12,000 వార్‌హెడ్లలో దాదాపు పదింట తొమ్మిది వంతులు అమెరికా, రష్యాల దగ్గరే ఉన్నాయి.

తీర్మానం చేస్తే ఎవరిని ఏమడుగుతున్నారో ఒక్క వాక్యంలో ఉండాలి. "ప్రపంచశాంతి వర్ధిల్లాలి" అని పంపితే ఎంపీ కార్యాలయంలో ఎవరికీ పని పడదు. "నిషేధ ఒప్పంద దేశాల సమావేశానికి భారత్ పరిశీలకురాలిగా వెళ్లాలి" అంటే ఎవరో ఒకరు జవాబు రాయాల్సి వస్తుంది.

కైగా అణువిద్యుత్ కేంద్రం గురించి కూడా అదే సభలో మాట్లాడొచ్చా?
– పాఠకురాలు, రాజాజీనగర్

వేరే రోజు మాట్లాడండి. కైగా రియాక్టర్లలో వాడేది సహజ యురేనియం, అందులో పగిలి శక్తినిచ్చే యురేనియం-235 నూటికి 0.7 వంతు. ఆయుధానికి 90 దాకా శుద్ధిచేస్తారు. ఆ రియాక్టరు బాంబులా పేలదు, దాని ప్రమాదాలు వేరే రకం. విద్యుత్ మీద మీ ఊళ్లోనే రెండు అభిప్రాయాలుంటాయి, ఆ వాదన మొదలైతే నివాళి మూలపడుతుంది.

చేసిన కొంగలు హిరోషిమాకు పంపాలా?
– అదే ఉపాధ్యాయిని, కె.ఆర్.పురం

పంపితే నగరపాలకులు తీసుకుని స్మారకం దగ్గర ఉంచుతారు. అక్కడికి ఏటా కోటి దాకా, పది టన్నులకు పైగా బరువున్న కొంగలు చేరుతున్నాయి. తపాలా ఖర్చు మీ కాగితం ఖర్చుకు ఎన్నో రెట్లవుతుంది. మీ బడి గ్రంథాలయంలోనే ఎండ తగలని గోడకు కట్టండి, ఎండ పడితే ఏడాదిలో రంగు వెలుస్తుంది. పక్కన సదాకో పేరు, తేదీలు రాసిన అట్ట ఒకటి. పంపే తీరాలనుంటే ఒకే ఒక దండ, నలభై కొంగలు, గట్టి అట్టపెట్టెలో నొక్కకుండా పెట్టి పంపండి.