అమ్మ చదవని ఆ రెండు వచనాలు

"కష్టంలో దేవుణ్ణి 'ఎందుకిలా చేస్తున్నావు' అని నిలదీస్తే విశ్వాసం లేనట్టేనా?" అని అడిగారు. ఎంతమాత్రం కాదు. ఒక్కసారైనా అలా అడగని వాళ్ల విశ్వాసం మీదే నాకు అనుమానం.

నాన్నకు మూత్రపిండాలు పాడై ఆస్పత్రిలో ఉన్నప్పుడు, రాత్రి దీపాలు తగ్గించాక అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని బైబిల్లోని 13వ కీర్తన చదివేది. ఆరే వచనాలు. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?" అని మొదలవుతుంది. హీబ్రూ మూలంలో ఆ 'ఎన్నాళ్లు' మొదటి రెండు వచనాల్లోనే నాలుగుసార్లు వస్తుంది. కన్నులకు వెలుగిమ్మని వేడుకునే చోట అమ్మ నాన్న ముఖంలోకి చూసేది. నాలుగో వచనం కాగానే బైబిలు మూసేసేది.

"ఇంకా రెండే కదమ్మా" అన్నాను ఒకరోజు.

"అక్కడ నా హృదయము హర్షించుచున్నది అని ఉంది. నాకు హర్షం లేదు. ఆయన ముందు అబద్ధమెలా చదవను?" అంది.

పదకొండు రాత్రులు అంతే. పన్నెండో రాత్రి మాత్రం ఆగలేదు. మంచి కబురేదో వచ్చి కాదు. పొద్దున డాక్టరుగారు చెప్పింది విన్నాక మేమెవ్వరం అన్నం ముట్టలేదు. "నేనైతే" అని చదివి, ఆ మాట మీద వేలు పెట్టుకుని చాలాసేపు ఉండిపోయింది. తర్వాత, "నీ కృపయందు నమ్మిక యుంచి యున్నాను" అంది.

నాలుగో వచనానికీ ఐదో వచనానికీ మధ్య ఏం జరిగిందో కీర్తనలో ఒక్క ముక్క లేదు. శత్రువు ఓడాడని గానీ, రోగం కుదిరిందని గానీ లేదు. అక్కడ యాజకుడెవరో ఆదరణ మాట చెప్పి ఉంటాడని కొందరు పండితులు ఊహించారు. ఆ ఊహ నాకు అక్కర్లేదు. ఎన్నాళ్లని అడిగే నోరే, వినేవాడు ఉన్నాడని ఒప్పుకుంటోంది.

మన సంఘాల మీద నా బాధ కూడా చెప్పాలి. పార్థివదేహం ఇంట్లో ఉండగానే "ఏడవకండి, స్తుతించండి" అంటారు. 150 కీర్తనల్లో మూడోవంతుకు పైగా మొరలే. 88వ కీర్తన హీబ్రూలో చీకటి అన్న మాటతోనే ముగుస్తుంది. దాన్నీ గ్రంథంలో అలాగే ఉంచారు. యేసుప్రభువు సిలువ మీద కేకవేసింది 22వ కీర్తన మొదటి మాటే. ఏడ్చేవాళ్ల నోరు మూయించే హక్కు మనకెవరిచ్చారు?

నాన్న పంతొమ్మిదో రోజున ప్రభువు దగ్గరికి వెళ్లిపోయారు. ఆదరణ కూడికలో ఒక పెద్దాయన అమ్మను ధైర్యంగా సాక్ష్యం చెప్పమన్నారు. అమ్మ లేచి 13వ కీర్తన తీసింది. నాలుగు వచనాలు చదివి, బైబిలు నా చేతిలో పెట్టింది.

"ఈరోజుకు మిగతాది నువ్వు చదువు" అంది.

లేచి చదివాను.