జిప్సీ డ్యాష్‌బోర్డు కోసం గొలుసు తాకట్టు పెట్టొచ్చా?

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. రాజమహేంద్రవరంలో ప్రైవేటు ఉద్యోగం. చేతికి నెలకు 68 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు అద్దెతో కలిపి 38 వేలు. చెల్లి పెళ్లికి తీసుకున్న పర్సనల్ లోన్ ఈఎంఐ 7,900, ఇంకా 14 నెలలు ఉంది. చీటీ 5 వేలు, మ్యూచువల్ ఫండ్‌లో సిప్ 5 వేలు. బ్యాంకులో 45 వేలున్నాయి. నాన్నగారు 1999లో కొన్న మారుతి జీపు, జిప్సీ కింగ్, ఇప్పుడు నా దగ్గరుంది. కాంట్రాక్టు పనుల మీద మారేడుమిల్లి వైపు ఆయన దీంట్లోనే తిరిగేవారు. ఆయన పోయి నాలుగేళ్లయింది. 2011లో స్టీరియో కోసం ఒకసారి, తర్వాత ఏసీ కోసం ఇంకోసారి డ్యాష్‌బోర్డు కోసేశారు. దాన్ని మళ్లీ ఒరిజినల్‌గా చేయించాలని ఉంది. 1.45 లక్షలకు కొటేషన్ ఇచ్చారు. నా భార్య గొలుసు మీద 90 వేలు గోల్డ్ లోన్, మిగతాది క్రెడిట్ కార్డు ఈఎంఐ అనుకుంటున్నాను. లేదంటే 2 లక్షల చీటీ ఇప్పుడే పాడుకోవాలా? పాత జిప్సీల ధర పెరుగుతోంది, ఇదీ పెట్టుబడే అని మెకానిక్ అంటున్నాడు. ఈ మూడింట్లో ఏది వడ్డీ తక్కువ?

జవాబు: మీరు పంపిన ఫొటోలు రెండు మూడుసార్లు చూశాను. స్టీరియో కోసం కోసిన చోట అంచు వంకరటింకరగా ఉంది, వేడి బ్లేడుతో కోసినట్టున్నారు. గ్లవ్ బాక్స్ మూతకు గొళ్లెం బదులు బైండింగ్ వైరు చుట్టారు. అద్దం కింద ప్లాస్టిక్ ఎండకు తెల్లబడి పగిలింది. స్టీరింగ్ పక్కన వెంకటేశ్వర స్వామి స్టిక్కర్ సగం ఊడి ఉంది. అది నాన్నగారు అతికించిందే అయి ఉంటుంది. ఎవరు పని మొదలుపెట్టినా ముందు దాన్ని జాగ్రత్తగా తీసి దాచుకోండి.

మీ కోరికను తప్పుపట్టను. తండ్రి తిరిగిన బండిని ఆయన చూసినట్టే చూసుకోవాలనుకోవడం మంచి కోరికే. కానీ మీరు అడిగిన ప్రశ్న దగ్గరే పొరపాటు ఉంది. ‘ఏ అప్పు వడ్డీ తక్కువ’ అని అడిగారు. ఇంట్లో ఎవరికైనా బాగోకపోతే, ఉద్యోగం పోతే ఎన్నాళ్లు నెట్టుకురాగలను అని అడగలేదు. నాకు వచ్చే ఉత్తరాల్లో సగం ఇలాగే ఉంటాయి. ఒకరిది బైకు, ఒకరిది ఫాల్స్ సీలింగ్, ఇంకొకరిది పెళ్లిరోజుకు విదేశీ టూరు. అందరూ అప్పుల మధ్య పోలిక అడుగుతారు. చేతిలో ఎంత ఉందో మాత్రం ఉత్తరం చివర్లో, అదీ ఒక్క ముక్కలో రాస్తారు.

మీ లెక్క చూద్దాం. ఇంటి ఖర్చు 38 వేలు, ఈఎంఐ 7,900. ఈ రెండూ జీతం వచ్చినా రాకపోయినా కట్టాల్సినవే. అంటే నెలకు దాదాపు 46 వేలు. మీ బ్యాంకులో 45 వేలున్నాయి. ఒక్క నెల జీతం ఆగితే 29వ రోజుకు మీ ఇంట్లో డబ్బు ఉండదు. చీటీ వాయిదా సంగతి నేనింకా ఇందులో కలపనే లేదు. ఆరు నెలల ఖర్చుకు 2.76 లక్షలు పక్కన ఉండాలి. ఉండాల్సిన దాంట్లో ఆరో వంతు కూడా మీ దగ్గర లేదు. ఈ స్థితిలో డ్యాష్‌బోర్డు కోసం ఒక్క రూపాయి అప్పు చేసినా నేను ఒప్పుకోను. వడ్డీ సున్నా అయినా ఒప్పుకోను.

గొలుసు గురించి గట్టిగానే చెప్పాలి. అత్యవసర నిధి లేని ఇంట్లో ఆడవాళ్ల మెడలో బంగారమే ఆ నిధి. అమ్మగారికి 61 ఏళ్లు, షుగర్ ఉందని రాశారు. ఏ అర్ధరాత్రో ఆసుపత్రిలో అడ్వాన్స్ కట్టమంటే, పొద్దున్నే ఒక్క గంటలో డబ్బు తెచ్చిపెట్టగలిగేది మీ ఇంట్లో ఆ గొలుసు ఒక్కటే. దాన్ని ముందే తాకట్టులో పెట్టేస్తే ఆ రోజున మీరు ఎవరి దగ్గరికి వెళ్తారు? చెయ్యి చాచేది నూటికి మూడు రూపాయల వడ్డీ వ్యాపారి దగ్గరికే. గోల్డ్ లోన్ ఏడాదిలో తీర్చకపోతే వేలం నోటీసు వస్తుంది. పైగా ఆ గొలుసు మీది కాదు, ఆవిడది. ఆవిడ సరేనన్నారో లేదో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు.

క్రెడిట్ కార్డు ఈఎంఐ అసలు వద్దు. ఒక్క నెల తప్పినా చాలా కార్డుల్లో వడ్డీ నెలకు 3 శాతం దాటుతుంది, ఏడాదికి 40 శాతం దాకా పోతుంది.

ఇక చీటీ. 9 వాయిదాలు కట్టారు, ఇంకా 31 ఉన్నాయి. ఇప్పుడు పాట 55 వేల తగ్గింపు దగ్గర ఆగుతోందని మీరే రాశారు. 2 లక్షల చీటీకి చేతికొచ్చేది 1.45 లక్షలు, సరిగ్గా కొటేషన్ అంత. మీకు ఈ ఆలోచన ఎందుకు వచ్చిందో అర్థమైంది. పాట తగ్గింపులో వాటాగా, డివిడెండు రూపంలో కొంత తిరిగి వస్తుంది కదా అంటారు, వస్తుంది. కానీ పాడుకున్న మర్నాటి నుంచి ఆ 31 వాయిదాలూ అప్పు వాయిదాలే. జామీను సంతకాలకు ఇద్దరిని బతిమాలాలి. మీరు కట్టలేకపోతే వాళ్ల జీతాలకు చుట్టుకుంటుంది. డ్యాష్‌బోర్డు కోసం స్నేహితుల్ని అందులోకి లాగకండి. అదే చీటీ చివరిదాకా ఉంచితే కమీషన్ పోను దాదాపు మొత్తం మీకే వస్తుంది. ఆ సంగతి కింద చెబుతాను.

ఇప్పుడు మీ మెకానిక్ చెప్పిన ‘పెట్టుబడి’ మాట. జిప్సీ మన మార్కెట్లోకి వచ్చింది 1985 డిసెంబరులో. వింటేజ్ బండిగా ధర పలుకుతుందనుకుంటే, అలా నమోదు చేయడానికి 2021 నిబంధనల ప్రకారం బండికి 50 ఏళ్లు దాటాలి. మొట్టమొదట అమ్మిన జిప్సీకి కూడా 2035 దాకా ఆ అర్హత రాదు, మీది 1999 బండి. ఇంకో సంగతి, మీకు థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంది. అది ఎదుటివాళ్ల నష్టానికి. మీ బండి కాలినా, పోయినా మీకు పైసా రాదు. సరే, సొంత బండి నష్టానికీ వర్తించే కాంప్రహెన్సివ్ తీసుకుందామన్నా ఇంత పాత బండికి ఇచ్చే కంపెనీలు తక్కువ. ఇచ్చినా దాని విలువను మీరూ కంపెనీ మాట్లాడుకుని ఒప్పుకోవాలి. క్లెయిములో ప్లాస్టిక్ భాగాలకు తరుగు కింద సగం కోస్తారు. డ్యాష్‌బోర్డంటే చాలావరకు ప్లాస్టిక్కే. బీమా లేని చోట 1.45 లక్షలు, అదీ అప్పు తెచ్చి పెట్టడాన్ని పెట్టుబడి అనకూడదు. ఇష్టంతో పెట్టే ఖర్చు అనండి, అలాగే లెక్క వేద్దాం.

మీరు జతచేసిన కొటేషన్ చూశాను. సెకండ్ హ్యాండ్ డ్యాష్‌బోర్డు 32 వేలు, మీటరు 14 వేలు, వైరింగ్ 36 వేలు, స్విచ్‌లు, నాబ్‌లు, గ్లవ్ బాక్స్ మూత 18 వేలు, పని కూలీ, పెయింటు 45 వేలు. ఇందులో లేనిదేమిటో చెప్పనా? డ్యాష్‌బోర్డు విప్పాక కనిపించేవి. వెనక రేకు తుప్పు పట్టి ఉంటుంది. వైపర్ లింకేజీ అరిగి ఉంటుంది. అక్కడ మెకానిక్ ఒక మాట అంటాడు: “ఎలాగూ విప్పాం కదా సార్, పనిలో పనిగా ఇది కూడా చేసేద్దాం.” ఆ మాటకు కొటేషన్‌లో అంకె ఉండదు. విప్పేసిన బండి ముందు నిలబడి వద్దని చెప్పగలిగినవాణ్ని నేనింతవరకు చూడలేదు.

మా దగ్గరి బంధువు ఒకాయన 2019 చివర్లో పాత జీపు విప్పించారు. కొంత చేతి డబ్బు, కొంత అప్పు. మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది, జీతం సగమైంది, పని ఆగింది. నేను చూడడానికి వెళ్లేసరికి బాడీ షెడ్డులో ఇటుకల మీద ఉంది, మిగతావన్నీ మూడు గోనెసంచుల్లో ఉన్నాయి. ఏ బోల్టు దేనిదో తెలియదు. స్పీడోమీటర్ అద్దం సంచిలోనే పగిలిపోయింది. నడిచే స్థితిలో ఉన్నప్పుడు అడిగిన ధరలో నాలుగో వంతుకు ఇచ్చేశారు. ఈఎంఐ మాత్రం ఆ తర్వాత ఏడాదిన్నర కట్టారు. మధ్యలో ఆగిన రెస్టొరేషన్ అంటే ఇదే. డబ్బు దగ్గర లేకుండా బండి విప్పొద్దని నేను ఇంతగా పట్టుబట్టేది ఆ గోనెసంచులు కళ్లారా చూశాను కాబట్టి.

ఇప్పుడేం చేయాలి? ఒక్క పని ఈ నెలే చేయించండి, అది అందం కోసం కాదు. స్టీరియోకు, ఏసీకి లాగిన వైర్లు ఫ్యూజు లేకుండా నేరుగా అతికించి ఉన్నాయి. ఫొటోలో టేపు చుట్టిన ముడులు నాలుగు లెక్కపెట్టాను. బండి అక్కడే అంటుకునేది. మంచి ఆటో ఎలక్ట్రీషియన్ చేత ఆ అదనపు వైర్లు తీయించి, అవసరమైన వాటికి ఫ్యూజులు పెట్టించండి. దీనికి 36 వేల వైరింగ్ సెట్టు అక్కర్లేదు. పెట్రోలు ముల్లు, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకేసారి ఊగుతున్నాయని రాశారు. రెండూ కలిసి ఊగితే ముందు అనుమానించాల్సింది మీటరుకు వచ్చే ఎర్త్, కరెంటు కనెక్షన్లను. అదీ అప్పుడే చూపించండి. స్పీడు తక్కువ చూపిస్తోందంటే టైర్లు ఒరిజినల్ సైజువో, పెద్దవి వేశారో చూడండి. స్పీడోమీటర్ కేబుల్ వచ్చేది ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక చక్రాలకు శక్తి పంచే పెట్టె) నుంచి, అది లెక్కపెట్టేది చక్రం తిరగడాన్నే. టైరు పెద్దదైతే అసలు వేగం కంటే ముల్లు తక్కువే చూపిస్తుంది, మీటరు తప్పు కాదు. ఆ 14 వేల వేరే మీటరు కొనకండి. దాంట్లో ఇంకెవరి బండి కిలోమీటర్లో ఉంటాయి. మీ మీటరులో ఉన్నవి నాన్నగారు తిరిగినవి.

మిగతాదంతా ఆగాలి. సిప్ 5 వేలు 14 నెలలు ఆపండి. అన్నీ పోను మిగిలే 12 వేలలో 10 వేలు జీతం పడిన రోజే తీసేయండి. మొత్తం నెలకు 15 వేలు వేరే బ్యాంకు ఖాతాలోకి పోవాలి. దానికి యూపీఐ, డెబిట్ కార్డు ఏవీ పెట్టుకోకండి. 14 నెలలకు 2.10 లక్షలు, ఉన్న 45 వేలతో కలిపి 2.55 లక్షలు. అప్పటికి పర్సనల్ లోన్ కూడా అయిపోతుంది కాబట్టి మీకు కావాల్సింది ఆరు నెలల ఇంటి ఖర్చు, 2.28 లక్షలే. సరిపోగా ఇంకా మిగులుతుంది. సిప్ ఆపితే ‘కాంపౌండింగ్ పోతుంది’ అని ఎవరైనా అంటే పట్టించుకోకండి. నిధి లేనివాళ్లు ఆ సిప్‌ను మార్కెట్ పడిన రోజునే అమ్ముకోవాల్సి వస్తుంది.

15వ నెల నుంచి సిప్ మళ్లీ మొదలుపెట్టి, ఖాళీ అయిన 7,900ను ‘బండి’ పేరుతో ఇంకో ఖాతాలో వేయండి. అమ్మగారి ఆరోగ్య బీమాకు మాత్రం నిధి కూడేదాకా ఆగకుండా ఇప్పుడే దరఖాస్తు చేయండి. మీ ఆఫీసు ఇచ్చే 3 లక్షల గ్రూపు పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది. ముందునుంచి ఉన్న జబ్బులకు క్లెయిము రాకుండా 3 ఏళ్ల దాకా వెయిటింగ్ ఉండొచ్చు, ఒక నెల ఆలస్యం చేస్తే ఒక నెల వెనక్కి పోతుంది. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ కూడా లేదు. ఫారంలో షుగర్ సంగతి, వాడే మాత్రల పేర్లతో సహా రాయండి, ఏజెంటు వద్దన్నా రాయండి.

ఆగితే డ్యాష్‌బోర్డు దొరకదేమో అని టెన్షన్ పడకండి. ఆర్మీ వాడి తీసేసిన జిప్సీలు వేలంలో వస్తుంటాయి, వాటి భాగాలు ఢిల్లీ మాయాపురి నుంచి మన విజయవాడ ఆటోనగర్ దాకా తిరుగుతుంటాయి. తొందరలో ఉన్నవాడు పగిలిందైనా చెప్పిన ధరకు కొంటాడు. మీరు ‘బండి’ ఖాతా నుంచి ముందు నాబ్‌లు, స్విచ్‌లు, మూత ఒక్కొక్కటే కొని పెట్టుకోండి. మంచి డ్యాష్‌బోర్డు కనబడితే స్వయంగా వెళ్లి, ఎండలో పెట్టి చూసి కొనండి. కానీ బండి మాత్రం విప్పొద్దు. అందాకా ఎండ తగలకుండా కవరు వేయండి, కోసిన ముక్కలు ఇంట్లో ఉంటే పారేయకండి.

31 నెలలకు చీటీ చివరి వాయిదా అవుతుంది. అప్పటికి 7,900 చొప్పున 17 నెలల డబ్బు, 1.34 లక్షలు, ‘బండి’ ఖాతాలో పడి ఉంటుంది. చీటీ డబ్బు తగ్గింపు లేకుండా చేతికొస్తుంది. ఆర్‌సీని 2024లో రెన్యువల్ చేయించారన్నారు కాబట్టి మళ్లీ 2029లో. 20 ఏళ్లు దాటిన కారుకు ఇప్పుడున్న రెన్యువల్ ఫీజు 10 వేలు, గ్రీన్ ట్యాక్స్ వేరే. దాన్ని చీటీ డబ్బులోంచి ముందే పక్కన పెట్టి, మిగిలినదాంతో బండి విప్పించండి. విప్పేముందు ప్రతి వైరుకూ కాగితం చీటీ కట్టి ఫొటో తీసుకోండి. ‘పనిలో పని’కి 30 వేలు విడిగా ఉంచుకోండి.