వదిలేసిన బిడ్డను పరాయి దేశం నుంచి దత్తత తెచ్చుకోవాలంటే...

పరాయి దేశంలో ఓ అనాథాశ్రమంలో చూసిన పాప మీద మనసు పడింది, కన్నవాళ్లు వదిలేశారట, తెచ్చుకోవాలంటే ఏ కాగితాలు కావాలి అని అడిగారు. మేమూ ఇలాగే ముందు బిడ్డను చూసుకుని, తర్వాత చట్టం సంగతి కనుక్కున్నాం. వరస తిరగబడింది.

"వదిలేశారు" అని ఆశ్రమం వాళ్లు అంటే చెల్లదండీ. ఆ మాట అక్కడి చట్టం ప్రకారం అధికారం ఉన్నవాళ్లు తేల్చాలి. కన్నవాళ్ల కోసం వెతికారు, ఎవరూ రాలేదు, ఆ దేశంలోనే పెంచుకునే కుటుంబం ఉందేమోనని కూడా చూశారు అని కాగితం మీద ఉండాలి. మా ఫైల్లో పాప దొరికిన రోజు రాసిన పోలీసు రిపోర్టు ఉంది గానీ, ఆ తర్వాత ఎవరైనా వెతికినట్టు ఒక్క ముక్క లేదు. ఏడు నెలలు ఫైలు కదల్లేదు. నాకు ఒళ్లు మండింది. ఆ తల్లి నిజంగానే వెతుక్కుంటూ ఉంటేనో అని మా ఆవిడ అడిగాక ఇంక మాట్లాడలేదు.

ఒక దేశపు బిడ్డను ఇంకో దేశం వాళ్లు దత్తత తీసుకోవడం గురించి దేశాలు చేసుకున్న 1993 నాటి హేగ్ ఒప్పందంలో రెండు దేశాలూ ఉన్నాయేమో ముందు చూడండి. ఉంటే దరఖాస్తు మీరుంటున్న దేశపు సెంట్రల్ అథారిటీ (ఈ దత్తతలు చూసే ప్రభుత్వ సంస్థ) ద్వారానే మొదలవ్వాలి. పాస్‌పోర్టు ఏ దేశానిదని కాదు, కాపురం ఎక్కడన్నదే లెక్క. హోమ్ స్టడీ, అంటే మీ ఇల్లు, కుటుంబ పరిస్థితులు పరిశీలించడం, చేసి మీరు తగినవాళ్లేనని రిపోర్టు పంపుతారు, అటునుంచి బిడ్డ రిపోర్టు వస్తుంది, రెండు వైపులా సరేనన్నాకే బిడ్డను మీకు అప్పగించే మాట. ఒప్పందంలో లేని దేశమైతే అక్కడి చట్టం, మీ దేశపు వీసా నిబంధనలు రెండూ విడివిడిగా చదవాల్సిందే.

ఇంకోటి. ఆశ్రమానికి ఫోన్లు చేస్తున్నానన్నారు, వెంటనే ఆపేయండి. బంధువుల బిడ్డ అయితే తప్ప, బిడ్డ దత్తతకు అర్హురాలని, మీరు తగినవాళ్లని తేలేదాకా కన్నవాళ్లతోగానీ పాపను చూసుకుంటున్నవాళ్లతోగానీ మీకు సంబంధం ఉండకూడదని ఒప్పందంలోని 29వ అధికరణం. అధికారులే అనుమతిస్తే అది వేరు. మాకు ఒకాయన "చిన్న విరాళం ఇస్తే నెలలో పని అయిపోతుంది" అన్నాడు. ఇచ్చి ఉంటే మొత్తం దత్తతే అనుమానంలో పడేది. న్యాయమైన ఖర్చులు, ఫీజులు తప్ప ఇంకేం ఇవ్వకూడదు, ప్రతిదానికీ రసీదు తీసుకోండి.

దత్తత ఉత్తర్వు చేతికొచ్చింది కదా అని టికెట్లు కొనేయకండి. బిడ్డ మీ దేశంలో శాశ్వతంగా ఉండటానికి అనుమతి వేరే తేలాలి. ఒప్పందం ప్రకారం జరిగిందనే 23వ అధికరణం సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, అది ఉంటే మిగతా సభ్యదేశాలు దత్తతను గుర్తిస్తాయి. పౌరసత్వం దానంతటదే వస్తుందా, మళ్లీ దరఖాస్తు పెట్టాలా అన్నది మీ దేశాన్ని బట్టి.

పాత కాగితాల నకళ్లన్నీ దాచండి. ఆ పోలీసు రిపోర్టు మా బీరువాలో ఉంది. పాపకిప్పుడు తొమ్మిదేళ్లు, ఇప్పటికి రెండుసార్లు అడిగి తీయించుకుని చదివింది.